బబులోనులో ఇళ్లు కట్టుకోండి

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు.

ఈ సాయంత్రం యిర్మీయా గ్రంథం 28, 29 అధ్యాయాలు తెరిచి పెట్టుకోండి. బబులోను రాజు యూదా ప్రజలను తన దేశానికి పట్టుకుపోయిన ఆ చెర గురించి రెండు మాటలు అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో, యాజకుల ముందు, ప్రజలందరి ముందు నిలబడి ప్రకటించాడు: 2 సంవత్సరాల్లో బబులోను రాజు కాడి విరిగిపోతుంది, మందిరపు ఉపకరణాలు తిరిగొస్తాయి, చెరపట్టబడినవాళ్లు ఇంటికి చేరతారు. అంతటితో ఆగలేదు, బబులోనుకు లోబడాలన్నదానికి గుర్తుగా ప్రవక్త యిర్మీయా మెడ మీద మోస్తున్న కొయ్య కాడిని తీసి అందరూ చూస్తుండగా విరగ్గొట్టాడు. 29వ అధ్యాయంలో యిర్మీయా చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాశాడు. అందులో ఉన్న లెక్క 70 సంవత్సరాలు.

ఆ రోజు మందిరంలో ఉన్నవాళ్లను ‘ఈ ఇద్దరిలో ఎవరికి దేవుని మీద నమ్మకం ఎక్కువ?’ అని అడిగితే, హనన్యాకే అని చెప్పి ఉండేవాళ్లు. ధైర్యంగా మాట్లాడాడు, తేదీ చెప్పాడు, కాడి విరిచి చూపించాడు. యిర్మీయా కూడా ఆ మాట నిజమైతే బాగుండునని కోరుకున్నాడు, ముందుగా ‘ఆమేన్’ అన్నాడు. కానీ ఆ మాట దేవుడు పంపినది కాదు. అదే సంవత్సరం 7వ నెలలో హనన్యా చనిపోయాడు.

ఇది ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ కాలపు విశ్వాసిని ఎక్కువగా దెబ్బతీస్తున్నది ఈ హనన్యా లెక్కే. దేవుడు ఇవ్వని గడువును మనమే ఆయన నోట పెడుతున్నాం. ఈ నెలాఖరులోగా ఉద్యోగం, ఈ సంవత్సరంలోగా స్వస్థత అని ప్రకటించుకుంటాం. గడువు దాటిపోతుంది. అప్పుడు దేవుడు మాట తప్పాడనిపిస్తుంది, లేదా నా విశ్వాసం చాల్లేదనిపిస్తుంది. నిజానికి అక్కడ తప్పింది దేవుని మాట కాదు, మనం కల్పించుకున్న తేదీ. కాబట్టి మీరు ఏ వాగ్దానం పట్టుకుని ప్రార్థిస్తున్నారో ఆ వచనాన్ని ఒకసారి కాగితం మీద రాయండి. ఎవరితో చెప్పిన మాట, ఏ సందర్భంలో, అందులో కాలం గురించి ఏమైనా ఉందా అని చూడండి. వచనంలో లేనిది మీరేం చేర్చారో దాని పక్కన రాసుకోండి. ఈ పని చేసినవాళ్లకు సగం నిరాశ ఎక్కడినుంచి వచ్చిందో అక్కడే తెలిసిపోతుంది.

70 సంవత్సరాలు అని చెప్పిన దేవుడు ఆ 70 సంవత్సరాలూ ఏం చేయాలో కూడా చెప్పాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలను కనండి, మీరున్న పట్టణపు క్షేమాన్ని కోరి దాని కోసం ప్రార్థించండి. రెండేళ్లలో వెళ్లిపోతామనుకునేవాడు చెట్టు నాటడు, పొరుగువాడి పేరు కూడా తెలుసుకోడు. మనకు పరాయిదిగా అనిపించే ఈ సంస్కృతి మధ్య, ఈ ఆఫీసుల్లో, ఈ కాలేజీల్లో మూట కట్టుకుని కూర్చోవద్దని దేవుడు అంటున్నాడు. అలాగని బబులోను దేవతలకు మొక్కమనలేదు. అక్కడ నివసించాలి, అక్కడి మేలు కోరాలి, ఆరాధన మాత్రం యెహోవాకే చెందాలి. ఇది ఆచరణలో ఎలా ఉంటుందో దానియేలు 1వ అధ్యాయం చూపిస్తుంది. ఆ అధ్యాయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

క్రీ.పూ. 605 ప్రాంతంలో దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు బబులోనుకు తీసుకుపోబడ్డారు. అక్కడ వాళ్లకు నాలుగు జరిగాయి. కల్దీయుల, అంటే బబులోనువాళ్ల భాష, విద్య నేర్పించారు, ఆ శిక్షణ 3 సంవత్సరాలు. పేర్లు మార్చారు. రాజు కొలువులో ఉద్యోగానికి సిద్ధం చేశారు. రాజు తినే భోజనం, తాగే ద్రాక్షారసం ఇచ్చారు. ఈ నాలుగింటిలో దానియేలు వద్దన్నది ఒక్కటే. చదువు చదివాడు, పదిమందిలో ముందున్నాడు. ఉద్యోగం చేశాడు. పేరు విషయం చూడండి: బెల్తెషాజరు అనే పేరు తన దేవత పేరును బట్టి పెట్టిందని బబులోను రాజు నెబుకద్నెజరే 4వ అధ్యాయంలో అంటాడు. అంత బాధపెట్టే పేరును కూడా దానియేలు భరించాడు. ఎందుకంటే అది ఇతరులు అతన్ని పిలిచే పిలుపు, అతను చేసే క్రియ కాదు. భోజనం దగ్గరకు వచ్చేసరికి, దాన్ని తీసుకుంటే తాను అపవిత్రుడనవుతానని గ్రహించి అక్కడ గీత గీశాడు.

మనం చేసే పొరపాటు ఇక్కడే ఉంది. కొందరు నాలుగింటికీ అడ్డం చెబుతారు. ప్రతి చిన్న విషయానికీ పోరాడితే, నిజంగా పోరాడవలసిన రోజున ఎవరూ వినరు. ఇంకొందరు నాలుగింటికీ తల ఊపుతారు, నాలుగోది మొదటి మూడింటిలాగే కనిపించేలా మనసును అలవాటు చేసుకుంటారు. అందుకని మీరు పనిచేసే చోట, చదివే చోట మీ ముందుకు వచ్చేవాటిని మూడు వరుసలుగా రాయండి. ఆనందంగా చేయగలిగినవి మొదటి వరుస. ఇష్టం లేకపోయినా భరించగలిగినవి రెండోది. చేయకూడనివి మూడోది. మూడో వరుస చిన్నదిగా ఉంటుంది: అబద్ధం, దొంగతనం, లంచం, వ్యభిచారం, ఒకరి పరువు తీయడం, దేవునికి చెందిన ఆరాధన మరొకరికి ఇవ్వడం. అది పది పన్నెండు దాటిందంటే మీ అభిరుచులు కూడా అందులో కలిసిపోయాయేమో చూసుకోండి. ఈ జాబితా ఒత్తిడి లేని రోజున రాయాలి. ఒత్తిడి వచ్చాక రాసే జాబితా మనకు అనుకూలంగానే వస్తుంది.

తర్వాత దానియేలు అడిగిన తీరు చూడండి. ముందు తమ బాధ్యత చూసే రాజోద్యోగుల అధిపతిని బ్రతిమాలాడు. దేవుడు దానియేలుకు ఆ అధిపతి దృష్టిలో దయ కలిగించాడు, అయినా ఆయన భయపడ్డాడు. మీ ముఖాలు తోటివాళ్ల ముఖాల కంటే వాడిపోయి కనిపిస్తే రాజు చేతిలో నా తల పోతుంది అన్నాడు. అది నిజమైన భయం, దానియేలు దాన్ని తీసిపారేయలేదు. ఆ అధిపతి తమ మీద నియమించిన పర్యవేక్షకుడి దగ్గరకు వెళ్లి, ఆ భయానికి సరిపోయే ప్రతిపాదన పెట్టాడు: 10 రోజులు మాకు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి చూడండి. తర్వాత మా ముఖాలు, మిగతావాళ్ల ముఖాలు పోల్చండి. కనబడిన దాన్ని బట్టి మీరే నిర్ణయించండి. గడువు ఉంది, కొలత ఉంది, నిర్ణయం పైవాడి చేతిలోనే ఉంది. పైవాడికి పెద్ద ప్రమాదమూ లేదు.

ఇప్పుడు ఆఫీసుకు రండి. ఈ మూడు నెలల రిపోర్టులో అంకె తగ్గింది, కాస్త పెంచి రాయమని మేనేజరు అన్నాడు. అక్కడికక్కడ బైబిలు వచనం చెప్పి ఆయన్ని దొంగగా నిలబెట్టడం ఒక తప్పు. సరేనని ఇంటికొచ్చి కన్నీళ్లతో ప్రార్థించడం రెండో తప్పు. ముందు ఆయన దేనికి భయపడుతున్నాడో తెలుసుకోండి. పైవాళ్లు అడిగితే జవాబు లేదన్నదే ఆయన భయం కావచ్చు. అప్పుడు ఒంటరిగా కలిసి ఇలా చెప్పండి: ‘సార్, ఈ అంకె నేను మార్చి రాయలేను. ఎందుకు తగ్గిందో, వచ్చే మూడు నెలల్లో ఏం చేయబోతున్నామో ఒక పేజీ వివరణ రేపు సాయంత్రానికి తయారు చేసి ఇస్తాను. రిపోర్టుతో పాటు అది పంపుదాం.’ గొంతు పెంచవద్దు, పది కారణాలు చెప్పవద్దు. ఆయన కాదంటే మళ్లీ ఒక్కసారి అదే మాట చెప్పండి, ఆ తర్వాత వచ్చే నష్టానికి సిద్ధపడండి. ఆ నష్టం కోసం ఇంట్లో ముందే మాట్లాడుకుని ఉండాలి. జీతం ఆగితే మన దగ్గర ఎన్ని నెలలకు ఉంది, ఎవరిని అడగగలం అని లెక్క చూసుకున్న భార్యాభర్తలు నిజం చెప్పడానికి మరింత స్థిరంగా నిలబడగలరు. అప్పుల్లో పూర్తిగా మునిగినవాడికి మనస్సాక్షి ఉన్నా నిలబడే చోటు చాలా ఇరుకుగా ఉంటుంది.

ఇంకో మాట. 6వ అధ్యాయంలో శత్రువులు దానియేలు ఉద్యోగంలో తప్పు వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఆలస్యంగా వచ్చేవాడు, ఇచ్చిన పని పూర్తి చేయనివాడు మనస్సాక్షి పేరుతో అభ్యంతరం చెబితే, వినేవాళ్లకు అది పని ఎగ్గొట్టే సాకులాగే వినబడుతుంది.

బయటివాళ్లు క్రైస్తవుల్లో ఏం గమనించారో చరిత్రలో ఒక ఉత్తరం ఉంది. క్రీ.శ. 112 ప్రాంతంలో రోమా సామ్రాజ్యంలోని బితూనియ ప్రాంతాన్ని పాలిస్తున్న ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. ఆయన క్రైస్తవుల మిత్రుడు కాదు, వాళ్లను విచారించి శిక్షించినవాడు. విచారణలో తనకు తెలిసింది రాశాడు: ఒక నియమిత దినాన తెల్లవారక ముందే కూడుకుంటారు, క్రీస్తును దేవుడిగా ఎంచి కీర్తన పాడతారు, దొంగతనం, దోపిడి, వ్యభిచారం చేయబోమని, ఇచ్చిన మాట తప్పబోమని, తమ దగ్గర దాచమని ఇచ్చిన సొమ్ము అడిగినప్పుడు లేదనబోమని ప్రమాణం చేసుకుంటారు. ఆరాధన పక్కనే అప్పగించిన సొమ్ము ఉంది చూశారా! బదులు తెచ్చుకున్న డబ్బు, ఇస్తానన్న తేదీ, సంఘంలో మన దగ్గర ఉంచిన లెక్కలు, ఇవన్నీ ఆ ప్రమాణంలో భాగమే.

పనిచోటు తర్వాత మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇతరులతో కలిసి తినడం, వేడుకల్లో పాల్గొనడం. దీనికి కొరింథు సంఘానికి అపొస్తలుడైన పౌలు ఇచ్చిన జవాబు ఎంత వివరంగా ఉందో చాలామంది గమనించరు. సమస్య విగ్రహాలకు అర్పించిన మాంసం. మొదటి కొరింథీయులకు 8, 10 అధ్యాయాల్లో ఆయన నాలుగు సందర్భాలు విడదీశాడు. విగ్రహాలయంలో భోజనపంక్తిలో కూర్చోవడం కూడదు. అంగడిలో అమ్మే మాంసం ఎక్కడిదని అడగకుండా కొనుక్కుని తినవచ్చు. అవిశ్వాసి తన ఇంటికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లి, పెట్టింది విచారణ లేకుండా తినవచ్చు. అయితే అక్కడ ఎవరైనా ఇది అర్పించబడింది అని మీతో చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినవద్దు.

మాంసం అదే. అంగడిలో తినదగినది భోజనపంక్తిలో తినదగనిది ఎలా అయింది? ఆ క్రియ అక్కడున్నవాళ్లకు ఏం చెబుతుందన్నది మారింది. ఆ పంక్తిలో కూర్చోవడం ఆరాధనలో పాలుపంచుకోవడం. మిత్రుడి బల్ల దగ్గర కూర్చోవడం అతని స్నేహాన్ని గౌరవించడం. కాబట్టి ఆహ్వానం వచ్చిన ప్రతిసారీ మూడు ప్రశ్నలు వేసుకోండి. నన్ను ఆరాధించమని అడుగుతున్నారా, సంతోషంలో పాల్గొనమని అడుగుతున్నారా? నేను చేసే పని చూసి నాకంటే బలహీనుడైన విశ్వాసి తన మనస్సాక్షికి విరుద్ధంగా నడుస్తాడా? వెళ్లకపోతే నేను కాపాడుకుంటున్నది దేవుని ఘనతనా, నా పేరునా? ఈ మూడో ప్రశ్న మనకు నచ్చదు, కానీ తప్పకుండా వేసుకోవాలి. అందరికీ దూరంగా ఉన్నవాడికి సాక్ష్యం చెప్పడానికి మనిషి మిగలడు. పౌలు పిలిస్తే వెళ్లవద్దనలేదు. ఒక కార్యక్రమంలో ఆరాధన భాగం ఉంటే, దానికి ముందో తర్వాతో వెళ్లి కలవడం, ముందుగానే మర్యాదగా చెప్పి ఆ కాసేపు పక్కన ఉండడం చాలాసార్లు సాధ్యమే. ముందుగా చెప్పకపోవడం వల్లే అవతలివాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

ఇప్పుడు ఫోన్ గురించి. దానియేలు కాలంలో ఆజ్ఞ వచ్చింది, గీత ఎక్కడుందో కనబడింది. ఫోన్ ఎవరినీ ఆజ్ఞాపించదు. అది గంటలు తీసుకుంటుంది, ఆ గంటల్లో దేనికి భయపడాలో, దేన్ని కోరుకోవాలో, ఎవరితో పోల్చుకోవాలో నేర్పుతుంది. 6వ అధ్యాయంలో, తనకు తప్ప మరెవరికీ ప్రార్థన చేయకూడదన్న రాజు శాసనం 30 రోజులదే. దానికి దానియేలు లొంగకపోవడానికి కారణం, యెరూషలేము వైపు కిటికీ ఉన్న ఆ గదిలో రోజుకు 3 సార్లు ప్రార్థించడం అతనికి ముందునుంచే అలవాటు కావడం. శాసనం వచ్చిన రోజున కొత్తగా మొదలుపెట్టింది కాదు.

ఆ అలవాటుకు చోటు కావాలి. ఫోన్ పడకగది బయట చార్జింగ్ పెట్టండి, లేవడానికి వేరే అలారం గడియారం వాడండి. ఉదయం మొదటి 20 నిమిషాలు అచ్చు బైబిలుతో గడపండి, ఫోన్‌లో బైబిలు తెరిస్తే నోటిఫికేషన్ కూడా పక్కనే తెరుచుకుంటుంది. ఒక కీర్తన, సువార్తలో ఒక పేరా చాలు. నెమ్మదిగా రెండుసార్లు చదివి, ఈ భాగంలో దేవుడు ఎలాంటివాడో ఒక వాక్యం, ఈ రోజు నేను చేయవలసింది ఒక వాక్యం రాయండి. రోజుకు నాలుగు అధ్యాయాల ప్రణాళిక పెట్టుకునేవాళ్లు చాలామంది లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. నాలుగు రోజులు తప్పితే పదహారు అధ్యాయాల బాకీ కనబడుతుంది, ఆ బాకీ సిగ్గుగా మారుతుంది, సిగ్గు బైబిలు మూయిస్తుంది. తప్పిన రోజులను పూడ్చవద్దు. ఈ రోజు భాగం చదివి ముందుకు వెళ్లండి.

చింత గురించి ఫిలిప్పీయులకు 4:6 అందరికీ కంఠతా వచ్చు: ‘దేనినిగూర్చియు చింతపడకుడి గాని ప్రతి విషయములోను ప్రార్థన విజ్ఞాపనములచేత కృతజ్ఞతాపూర్వకముగా మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి.’ ఎలా తెలియజేయాలి? 2 రాజులు 19వ అధ్యాయంలో అష్షూరు రాజు నుంచి యూదా రాజు హిజ్కియాకు బెదిరింపు ఉత్తరం వచ్చింది. అతను దాన్ని చదివి, మందిరానికి వెళ్లి, యెహోవా సన్నిధిలో పరిచాడు. తర్వాత అతని ప్రార్థన వరుస గమనించండి. దేవుడు ఎవరో ముందుగా చెప్పాడు. అష్షూరు రాజులు నిజంగానే దేశాలను పాడుచేశారని, ప్రమాదాన్ని తగ్గించకుండా ఒప్పుకున్నాడు. ఆ పైన విడిపించమని అడిగాడు, నీవే దేవుడవని లోకం తెలుసుకునేలా అని కారణం చెప్పాడు. మీకు వచ్చిన పరీక్ష రిపోర్టు, బ్యాంకు నోటీసు, మెయిల్ ఏదైనా అలాగే ముందు పెట్టుకుని, అందులోని వాక్యాలు పైకి చదివి ప్రార్థించండి. ‘ప్రభువా, నా సమస్య నీకు తెలుసు’ అని గుండుగుత్తగా అనేస్తే చింత లోపలే ఉండిపోతుంది. పేరు పెట్టి అడిగితే ఏది మన చేతిలో ఉంది, ఏది లేదు అన్నది కూడా విడివడుతుంది.

తర్వాతి అధ్యాయంలో అదే హిజ్కియా మరణకరమైన రోగంతో పడ్డాడు. దేవుడు అతనికి 15 సంవత్సరాల ఆయుష్షు వాగ్దానం చేశాడు. ఆ వాగ్దానం వెంటనే ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు. మందు వేసుకోవడం అవిశ్వాసమని ఎవరైనా మీతో చెబితే ఈ వచనం చూపించండి, 2 రాజులు 20:7. చక్కెర వ్యాధికి, గుండెకు, మానసిక వ్యాధికి వాడే మందులు ప్రార్థన చేశాం కదా అని ఆపేయడం ప్రాణం మీదకు తెస్తుంది. డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపకండి. దీన్ని వేదిక మీద నుంచి స్పష్టంగా చెప్పే బాధ్యత కాపరులది.

డబ్బు విషయం త్వరగా చెబుతాను. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆహారంగా ఇచ్చిన మన్నా ఒక్కొక్కరికి రోజుకు ఒక ఓమెరు అనే కొలత. మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది, 6వ రోజున మాత్రం రెండు ఓమెర్లు, అది పాడవలేదు. దాచడం పాపమని దీని అర్థం కాదు, యోసేపు 7 సంవత్సరాల ధాన్యం దేవుని జ్ఞానంతోనే నిలవ చేశాడు. దేవుడు చెప్పినప్పుడు దాచడం, ఆయన రేపు ఇవ్వడేమోనని దాచడం వేరు. పౌలు 1 కొరింథీయులకు 16:2లో ఇచ్చిన పద్ధతి సరళంగా ఉంది: ఆదివారం ఆదివారం, ప్రతివాడూ, తాను వర్ధిల్లిన కొలదిగా కొంత తీసి పక్కన పెట్టాలి. జీతం రాగానే తీయండి, నెలాఖరుకు మిగిలితే ఇద్దామనుకుంటే మిగలదు. ఇంట్లో అప్పు ఉంటే దాన్ని తీర్చే మొత్తం కూడా అదే రోజున తీయండి. ఇక సంఘాల మాటకొస్తే, కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో అంత పెద్ద విరాళాన్ని పౌలు ఒక్కడి చేతికి ఇవ్వలేదు, నింద రాకుండా ఇతర సహోదరులను కూడా తోడు పంపాడు. కానుకల లెక్క ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కించి సంతకం చేయని సంఘం, దేవుని నమ్మమని ప్రజలకు బోధించే ముందు ఆ ఏర్పాటు చేసుకోవాలి.

చివరిగా, అన్నీ చేసినా విడుదల రానివాళ్ల గురించి. దానియేలు ముగ్గురు స్నేహితులు షద్రకు, మేషాకు, అబేద్నెగో, తన ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో మా దేవుడు విడిపించగలడు అన్నారు, ఆ వెంటనే ఒకవేళ ఆయన రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. ఆ రెండో మాటకు మన కూడికల్లో చోటు తక్కువైపోయింది. కీర్తనల గ్రంథంలో అలా లేదు. 13వ కీర్తనలో ‘ఎంతవరకు’ అని దావీదు నాలుగుసార్లు అడుగుతాడు, చివరికి స్తుతికి చేరతాడు. 88వ కీర్తన అక్కడికి కూడా చేరదు, చీకటితోనే ముగుస్తుంది. ఆ కీర్తనను కూడా దేవుడు తన ప్రజల పాటల్లో ఉంచాడు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు, ఏళ్లుగా జబ్బుపడినవాళ్లకు నీ విశ్వాసంలో లోపముందని చెప్పడం యోబు స్నేహితులు చేసిన పనే, దేవుడు వాళ్ల మీద కోపపడ్డాడు. వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు కారణాలు చెప్పకండి. 88వ కీర్తన వాళ్లతో కలిసి చదవండి, ప్రార్థన రెండు నిమిషాలకు మించనివ్వకండి. ఆసుపత్రికి ఎవరు తోడు వెళ్తున్నారు, పిల్లలను బడికి ఎవరు దింపుతున్నారు, బిల్లు ఎంత మిగిలింది అని అడగండి, అందులో ఒకటి మీ మీద వేసుకోండి. మొదటి నెలలో అందరూ వస్తారు, నాలుగో నెలలో ఎవరూ రారు. అందుకని సంఘంలో ఒక కాగితం మీద, ఆ ఇంటికి ఏ వారం ఎవరు వెళ్లాలో ఆరు నెలల దాకా పేర్లు రాసి పెట్టుకోండి.

ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. పనిచోటు విషయాలు అందరి ముందు చెప్పలేనివాళ్లు కూడిక అయ్యాక పెద్దలను కలవవచ్చు.